హుక్ వదిలేదాకా కదలకు

విశాఖపట్నం

చిరంజీవి మనవడికి చిన్న తాతయ్య ఆశీస్సులు.

నీకు విమానవాహక నౌక మీద, అదీ డెక్ పనిలో వేశారని మీ అమ్మ చెప్పింది. మీ చిన్న నాయనమ్మ అప్పుడే సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. ఆ వైపు సంగతి ఆవిడ చూసుకుంటుంది. నాకు తెలిసిన సంగతులు నేను రాస్తాను. పాత విక్రాంత్ మీద సీ హాక్ జెట్లను తోసి, కట్టి, విప్పి బతికినవాణ్ని. నీ ఓడ దానికి రెండింతలు, విమానాలూ వేరు. జెట్ స్వభావం మాత్రం అదే.

ముందు నిలబడటం నేర్చుకో. నేను కొత్తలో విమానం దిగి, దాన్ని ఆపడానికి డెక్‌కు అడ్డంగా కట్టిన తీగను తోక కింది కొక్కెంతో, అంటే హుక్‌తో పట్టగానే, ఆ హుక్ విడిపించడానికి పరిగెత్తాను. వెనకనుంచి పెట్టీ ఆఫీసరు కాలరు పట్టి లాగితే వెల్లకిలా పడ్డాను. ఇంజిన్ ఇంకా అరుస్తూనే ఉంది, నేను చూసింది ఆగిన చక్రాలను మాత్రమే. చక్రాలు ఆగినంత మాత్రాన విమానం దిగినట్టు కాదు. ఇంజిన్ మోత తగ్గాలి, హుక్ వదలాలి, నీ పైవాడు చెయ్యి ఊపాలి. అప్పటిదాకా గీత దాటకు.

ఎందుకో చెబుతాను. పంకా విమానాల కాలంలో డెక్ తిన్నగా ఉండేది. బ్యాట్లు పట్టుకున్న అధికారి సైగ చేయగానే పైలట్ ఇంజిన్ తగ్గించి డెక్ మీదికి దింపేసేవాడు. తీగ తప్పితే ఎదురుగా అడ్డుగోడలా వల, దాని వెనక నిలిపిన విమానాలు. జెట్‌తో ఈ పద్ధతి చెల్లలేదు. వేగం ఎక్కువ. పైగా అప్పటి ఇంజిన్లు ఒకసారి తగ్గిస్తే మళ్లీ బలం అందుకోవడానికి కొన్ని క్షణాలు తీసుకునేవి, డెక్ మీద అంత వ్యవధి ఎక్కడిది? 1945 డిసెంబరు 3న ఎరిక్ బ్రౌన్ అనే పైలట్ ఓషన్ అనే బ్రిటిష్ నౌక మీద వాంపైర్ జెట్‌ను దింపి చూపించాడు గానీ, రోజూ అందరూ చేయాలంటే దారి వేరుగా ఉండాలి. 1948లో వారియర్ నౌక మీద రబ్బరు డెక్ పరిచి చక్రాలు దించకుండా పొట్టమీద దిగడం కూడా ప్రయత్నించారు. దిగిన తరువాత చక్రాల్లేని విమానాన్ని నాబోటివాడు ఎలా తోస్తాడో ముందుగా మమ్మల్ని అడిగి ఉంటే ఆ రబ్బరు ఖర్చు మిగిలేది!

చివరికి బ్రిటిష్ వాళ్లే మూడు ఉపాయాలు కనిపెట్టారు. క్యాంబెల్ అనేవాడు డెక్ మీద దిగే దారిని ఓడ పొడవుకు తిన్నగా కాక కాస్త పక్కకు తిప్పాడు, తీగ తప్పినవాడు ఎవరినీ గుద్దకుండా మళ్లీ గాలిలోకి లేస్తాడు. అందుకే ఇంజిన్ బలం తగ్గించకుండా దిగుతారు, అందుకే నిన్ను ఆగమంటున్నాను. గుడ్‌హార్ట్ అనేవాడు, పైలట్ తాను సరైన ఎత్తులో దిగుతున్నాడో లేదో చూసుకునే అద్దం పెట్టాడు. బల్ల మీద చిన్న అద్దం, లిప్‌స్టిక్ పెట్టి తన ఆలోచన చూపించాడట. మిచెల్ అనేవాడు విమానాన్ని ఆవిరి బలంతో ముందుకు విసిరే కేటపల్ట్ చేశాడు. మా విక్రాంత్, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సగంలో ఆగిపోయిన ఓడ. దాన్ని మనం 1957లో కొనడం వల్ల పూర్తిచేసేటప్పుడు ఈ మూడూ అమర్చే వీలు కలిగింది. 1961 మే 18న మన పైలట్ తహిల్యానీ దాని మీద మొదటి జెట్‌ను దింపారు. తరువాత ఆయనే నౌకాదళాధిపతి అయ్యారు.

రెండోది, విమానం ముక్కు తిరుగుతుంటే తోక ఎటు ఊడుస్తుందో చూసుకో. సీ హాక్‌కు వేడిగాలి తోకలోంచి రాదు, రెండు రెక్కల మొదళ్ల వెనకనుంచి వస్తుంది. తోకకు దూరంగా ఉన్నాను కదా అని పక్కన నిలబడ్డవాడికి చురక తప్పదు. నీ విమానం గాలిని ఎక్కడ పీలుస్తుందో, ఎక్కడ వదులుతుందో మొదటిరోజే దాని చుట్టూ తిరిగి చూడు, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు.

జేబుల్లో ఏమీ ఉంచుకోకు. నాణెం, పెన్ను మూత, చిన్న వాషర్, ఏదైనా ఇంజిన్ మింగితే దాని లోపల తిరిగే బ్లేడ్లు విరుగుతాయి. నా చొక్కా జేబులు మీ చిన్న నాయనమ్మ చేత కుట్టించేశాను. ఉదయం అందరూ వరుసగా నడుస్తూ డెక్ మీద పడ్డ చిన్న చిన్న వస్తువులు ఏరుతుంటే నడుము నొప్పని వంగకుండా నడిచేవాళ్లు ఉంటారు. వాళ్ల పక్కన నిలబడకు.

గాలిని గమనించు. 1971 యుద్ధంలో మా ఓడ నాలుగు బాయిలర్లలో ఒకటి దెబ్బతిని ఉంది, ఓడ పూర్తి వేగం అందుకోలేదు. బంగాళాఖాతంలో గాలి పడిపోయిన రోజు విమానం లేవడానికి ఎదురుగాలి చాలుతుందా అని అందరికీ బెంగే. కేటపల్ట్ గాడిలోంచి కారే ఆవిరి ఎటు వంగుతోందో మేము అదేపనిగా చూసేవాళ్లం. డిసెంబరు 4న ఆ స్థితిలోనే సీ హాక్‌లు లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికి వెళ్లాయి. మీ ఓడకు కేటపల్ట్ లేదు, ముందు ఎత్తైన వాలు ఉంది. గాలి అవసరం మీకూ ఉంది.

చెవులకు ఇచ్చిన కప్పులు తీయకు. చెమట పడుతుందని నేను వాటిని మెడకు తగిలించుకుని తిరిగాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిదానికి నువ్వు ఫోనులో చెప్పేదాంట్లో సగమే చేరుతుంది. అందుకే ఇదంతా ఉత్తరంలో రాశాను. జవాబు కూడా ఉత్తరంలోనే రాయి, అక్షరాలు కాస్త పెద్దవిగా.

నీ
చిన్న తాతయ్య