ఆ పిల్ల పెండ్లి ఆపాలనుకున్న చెల్లెకు

చెల్లె,

నీ మెసేజ్ సదివిన. మీ అంగన్వాడీ సెంటర్ ఎనకాల గల్లీల మొన్ననే పదో తరగతి అయిపోయిన పిల్లకు సంబంధం ఖాయం చేసిండ్రు, వాళ్ళు ముస్లింలు, నేను పోతే మా మతంల నీకేం పని అంటరేమో అని బుగులు పడుతున్నవ్. నేను దూదేకులోళ్ళ ఇంట్ల పుట్టి నర్సంపేట దిక్కు అంగన్వాడీ నడిపినదాన్ని, రెండు దిక్కుల మాటలు నాకు ఎరుకే, అందుకే జర పెద్దగనే రాస్తున్న.

ముందుగాల ఇది ముస్లింల సంగతి అనుకొని గడప తొక్కకు. తండాలల్ల, బీసీల ఇండ్లల్ల గూడ ఇవే పెండ్లిళ్ళు చూసిన, కారణాలు గూడ అవే. తండ్రిది ఎనుమాముల మార్కెట్ల హమాలీ పని, మంచంల పడ్డ ముసలమ్మ, పిల్ల చేతికి ఫోనొచ్చిందని భయం, వయసు పెరిగినకొద్దీ జహేజ్, అంటే కట్నం, పెరుగుతదని ఇంకో భయం. మీ మతం అని మొదలువెట్టినవంటే ఆ తల్లి ఇంక నీ మాట ఇనదు.

షరియత్ల 15 ఏండ్లు నిండితే నిఖా చెల్లుతది అని వాళ్ళు తప్పకుండ అంటరు. అది అబద్ధం అని వాదించకు, పర్సనల్ లాల, అంటే పెండ్లిళ్ళకు వాళ్ళ మతం చట్టంల, ఆ మాట ఉన్నది, 2022ల పంజాబ్ హర్యానా హైకోర్టు గూడ ఒప్పుకున్నది. 2024ల కేరళ హైకోర్టేమో మతం ఏదైనా 2006 బాల్య వివాహాల చట్టం అందరికీ వర్తిస్తది అన్నది. అదే ఏడు అక్టోబర్ల సుప్రీంకోర్టు ఈ పెండ్లిళ్ళు ఎట్ల ఆపాల్నో మస్తు రాసింది గాని పర్సనల్ లా ముడి మాత్రం ఇప్పలేదు. వకీళ్ళకే తెగని లొల్లి అది, నువ్వు దాంట్ల పడకు. నువ్వు చెప్పాల్సింది పోక్సో గురించి, పిల్లల మీద లైంగిక నేరాలకు ఉన్న చట్టం అది. దాంట్ల మతం అన్న మాటనే లేదు, 18 నిండకుంటే పెండ్లాం అయినా సరే మొగడు ముట్టుకుంటే నేరమే అని 2017ల సుప్రీంకోర్టు చెప్పింది. రేపు పిల్లకు నెల తప్పి సర్కారు దవాఖానకు పోతే వయసు అడుగుతరు, తెల్సి గూడ డాక్టర్ పోలీసులకు చెప్పకుంటే ఆ డాక్టర్ మీదనే కేసు. అల్లుడు జైలుకు పోతడు అన్నంక ఆగిన తండ్రులను నేను చూసిన. ముస్లిం ఆడపిల్లల పెండ్లికి సర్కారు ఇచ్చే షాదీ ముబారక్ 1,00,116 రూపాయలు గూడ పెండ్లి నాటికి 18 నిండకుంటే రావు, అది తల్లికి చెప్పు, చెక్కు తల్లి పేరు మీదనే వస్తది.

వయసు కాడ ఆధార్ ఒక్కటే చూసి ఊకోకు, మార్పిచ్చుకునేటోళ్ళు ఉంటరు. బడిల రాసిన పుట్టిన తేదీ, పదో తరగతి మెమో అడుగు, కేసు అయితే అవ్వే ముందు చూస్తరు.

ఇంటికి పోకముందే పిల్లతోటి మాట్లాడాలె. ఐరన్ గోలీలు ఇస్త రమ్మను, ఒక్కదాన్నే కూసోవెట్టి అడుగు. ఆమెకు తెల్వకుండ పోలీసులను తీస్కపోతే బిడ్డ బెదురుతది, నాకు ఇష్టమే అంటది, ఇంక నీ చేతుల ఏం ఉండదు. ఆ తర్వాత ఖాజీ సాబ్ కాడికి పో. గౌరవంగ అడుగు, పిల్ల మనసుల ఒప్పుకోకుంటే ఖుబూల్ ఎట్ల అయితది సాబ్ అను. నిఖా చదివినోళ్ళకు గూడ రెండేండ్ల దాక జైలు, లక్ష దాక జుర్మానా ఉన్నదని నెమ్మదిగనే చెవులెయ్యి. నువ్వు వందసార్లు చెప్పేది ఆయన ఒక్కసారి చెప్తే ఆ ఇంట్ల చెల్లుతది.

ముసలమ్మను మాత్రం ఇడిచిపెట్టకు. ఒక ఇంట్ల అప్పటికే పెండ్లి బట్టలు, ఎర్ర జోడా కుట్టిచ్చి బీరువాల పెట్టిండ్రు, దాదీ నేను పోయేలోపు మనుమరాలి పెండ్లి చూడాలె అని ఒక్కటే పట్టు. నేను చాప మీద కూసొని ఆమె మొదటి కాన్పు ముచ్చట అడిగిన. ఇంత పసుపుముద్ద లెక్క పుట్టి మూడొద్దులకు పోయిందమ్మా అని చేతులు దగ్గరవెట్టి చూపిచ్చింది, చూపిచ్చి చానాసేపు మాట్లాడలే. ఆ మాపు కొడుకును పిలిచి ఆగుమన్నది ఆమెనే.

ఆగింది గదా అని ఇంటికొచ్చి పండుకోకు. హామీ పత్రం మీద సంతకం పెట్టి నెల తిరగకముందే చుట్టాల ఊరికి తీస్కపోయి చేసేటోళ్ళున్నరు. జూన్ల మైనారిటీ గురుకులంల గాని దగ్గర్ల కాలేజీల గాని ఇంటర్ల చేర్పియ్యి, ఫీజు, బస్ పాస్ సంగతి నువ్వే దగ్గరుండి చూడు. మళ్ళ చేస్తున్నరని అనుమానం వస్తే మన అంగన్వాడీల పై ఆఫీసర్ సీడీపీఓ మేడంకు చెప్పు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కాడ పెండ్లి ఆపుమని స్టే తెస్తే ఆ మీద చేసిన పెండ్లి 2006 చట్టం ప్రకారం చెల్లదు. ఒకవేళ దొంగతనంగ అయిపోయినా, 18 నిండినంక ఇంకో రెండేండ్ల దాక ఆ పెండ్లి రద్దు చెయ్యమని పిల్లనే కోర్టుకు పోవచ్చు, ఈ మాట ఆమె చెవుల ఇప్పుడే ఎయ్యి.

ఆదివారం పోతనన్నవ్, ఆదివారం వద్దు, చుట్టాలుంటరు, నలుగుట్ల తండ్రికి పట్టుదల ఎక్కుతది. శుక్రవారం నమాజ్ అయినంక ఆయన తిని కూసుంటడు, అప్పుడు పో. యూనిఫాం చీర కట్టుకోకు. పోయేముందు నాకు ఫోన్ చెయ్యి, అవసరం అనుకుంటే బస్సెక్కి నేనే వస్త.

మీ అక్క