పాత ఏసీ పోయింది, కొత్తది ఏ కంపెనీది తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: మహబూబ్‌నగర్‌లో పై అంతస్తు బెడ్‌రూమ్‌లో పన్నెండేళ్ల ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ చల్లదనం ఇవ్వడం మానేసింది, రిపేరు చేయించాలా కొత్తది కొనాలా, కొంటే ఏ కంపెనీ, 3 స్టారా 5 స్టారా అని. ఇప్పటిదాకా వచ్చిన జవాబులన్నీ కంపెనీ పేర్ల మీద కొట్లాటే. నాది నల్గొండ, మన ఎండ ఎట్లుంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, కాబట్టి సూటిగా చెప్తున్నా: కంపెనీ గురించి అంత ఆలోచించకండి. దగ్గర్లో సర్వీస్ ఉన్న పేరున్న కంపెనీల్లో ఏది తీసుకున్నా రాత్రి పడుకున్నాక మీకు తేడా తెలియదు. తేడా వచ్చేది బిగించే దగ్గర. స్ప్లిట్ ఏసీ సగమే ఫ్యాక్టరీలో తయారవుతుంది, మిగతా సగం మీ గోడ మీద తయారవుతుంది. ఆ సగాన్ని ఎవరూ పట్టించుకోరు.

రిపేరు సంగతి ముందు తేల్చుకోండి. ఔట్‌డోర్ ఫ్యాను తిరుగుతూ కంప్రెసర్ మాత్రం ఒకసారి మూలిగి ఆగిపోతుంటే కెపాసిటర్ (కంప్రెసర్ స్టార్ట్ కావడానికి ఊతమిచ్చే చిన్న భాగం) చూపించండి, అది కొన్ని వందల రూపాయల పని, దానికి కొత్త ఏసీ అక్కర్లేదు. కంప్రెసరే పోయినా, కాయిల్ లీకై ఏటా గ్యాస్ ఎక్కించాల్సి వస్తున్నా ఇక వదిలేయండి. పన్నెండేళ్ల కిందటి యంత్రం అంటే చాలావరకు ఆర్22 అనే పాత రకం గ్యాస్‌ది, ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని తగ్గించే ఏర్పాటు) కూడా ఉండదు, దాని మీద వేల రూపాయలు పెట్టడం దండగ.

పోయిన ఎండాకాలం మా అక్క వాళ్లింట్లో జరిగింది చెప్తా. వాళ్లది నల్గొండ రామగిరిలో పైపోర్షన్. అక్క వాళ్ల అత్తమ్మకు తుంటి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నప్పుడే, సరిగ్గా మే నెలలో ఏసీ పోయింది. బావ షాపుకు వెళ్తే అక్కడి సేల్స్ అతను "ఈ ఎండకు రెండు టన్నులు పెట్టాల్సిందే సార్" అన్నాడట. గది చూస్తే పదకొండు అడుగులకు పదమూడు. బావ ఫోన్ చేసి అడిగితే రెండు టన్నులు వద్దే వద్దు, ఒకటిన్నర చాలు, మీ ఏసీ ఇన్నాళ్లూ సరిగా చల్లబరచకపోవడానికి కారణం టన్ను కాదు, ఔట్‌డోర్ పెట్టిన చోటు అని చెప్పి నేనే బయలుదేరి వెళ్లా.

ఔట్‌డోర్ ఎక్కడుందో తెలుసా? పడమటి గోడకు, పక్కింటికీ వీళ్లింటికీ మధ్య ఉన్న సందులో, ముందు గ్రిల్ బిగించి. అది వదిలే వేడి గాలి పక్కింటి గోడకు కొట్టుకుని మళ్లీ అందులోకే వస్తుంది. మిట్టమధ్యాహ్నం అక్కడ చెయ్యి పెడితే చురుక్కుమంది. ఏసీల టన్ను లెక్క కట్టేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే దాదాపు మూడున్నర కిలోవాట్లను గదిలోంచి బయటికి లాగడం. బయట వేడి పెరిగేకొద్దీ ఆ లాగే శక్తి తగ్గుతుంది. 2024 మే మొదట్లో మన నల్గొండ జిల్లాలో 46 దాటింది, అలాంటి రోజు ఆ సందులో ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. డబ్బా మీద "52 డిగ్రీల్లోనూ పనిచేస్తుంది" అని రాస్తారు కదా, దానర్థం అంత వేడిలోనూ ఆగకుండా నడుస్తుందని, పూర్తి టన్ను చల్లదనం ఇస్తుందని కాదు. షాపులో ఎవరూ ఈ ముక్క చెప్పరు. అంత వేడిలో ఎన్ని కిలోవాట్ల చల్లదనం ఇస్తుందో కాగితం మీద చూపించమని అడగండి, చూపించగలిగిన మోడలే తీసుకోండి.

సాయంత్రానికి బిగించే పిల్లలు ఇద్దరు వచ్చారు. డ్రిల్ మిషన్, చిన్న గ్యాస్ సిలిండర్, పానాల సంచి, అంతే. పాత పైపుకే కొత్త ఏసీ కలిపేస్తామన్నారు. "వ్యాక్యూమ్ పంపు ఏది తమ్మీ?" అని అడిగితే "అవసరం లేదన్నా, కొంచెం గ్యాస్ వదిలి గాలి ఎల్లగొడ్తం" అన్నాడు పెద్దవాడు. పైపులోని గాలీ తేమా లాగేసే పంపు అది. నేను కుదరదన్నా. పంపు లేకుండా చెయ్యి పెట్టొద్దన్నా. బావ నన్ను పక్కకు పిలిచి "అమ్మ ఉడికిపోతుంది, ఈ రాత్రికైతే నడవనియ్, రేపు చూసుకుందాం" అని బతిమాలాడు. ఆయన బాధ నాకు అర్థం కాక కాదు. కానీ ఒకసారి నడిచిందంటే మళ్లీ ఎవరూ రారు, ఆ తర్వాత మూడేళ్లకు కంప్రెసర్ పోతే "కరెంటు హెచ్చుతగ్గులకు పోయింది" అని మన మీదే తోసేస్తారు. ఆ రాత్రి అత్తమ్మను కింద పోర్షన్‌లో కూలర్ ముందు పడుకోబెట్టాం, అక్క నాతో సరిగా మాట్లాడలేదు కూడా.

ఎందుకు అంత పట్టు అంటే: ఇప్పటి ఏసీల్లో వచ్చే ఆర్32 గ్యాస్ ఒత్తిడి పాత ఆర్22 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. పాత పైపులో పాత రకం ఆయిల్ అంటుకుని ఉంటుంది, అది కొత్త కంప్రెసర్ ఆయిల్‌తో కలవదు. ఇక పైపులో గాలి మిగిలితే ఒత్తిడి పెరిగి కరెంటు ఎక్కువ లాగుతుంది, తేమ మిగిలితే అది కొత్త ఆయిల్‌తో కలిసి యాసిడ్‌గా మారి కంప్రెసర్ వైండింగును తినేస్తుంది. పంపు పెట్టి ఇరవై నిమిషాలు లాగి, ఆపాక గేజి ముల్లు కదలకుండా నిలబడిందా లేదా చూస్తే గాలీ తేమా పోయిందీ తెలుస్తుంది, జాయింట్ లీకుందో లేదో కూడా తెలుస్తుంది. ఇంత చిన్న పని ఎగ్గొడతారు.

అట్లని ఆ పిల్లలను తిట్టడం న్యాయం కాదు. సీజన్‌లో ఫిట్టింగుకు ఇంత అని లెక్క, ఎన్ని బిగిస్తే అంత డబ్బు, పంపు కొనిచ్చేవాడు లేడు. నడుముకు బెల్టు లేకుండా పిట్టగోడ మీద నిలబడి ఔట్‌డోర్ మోస్తారు, చూస్తుంటే నాకు కాళ్లు వణుకుతాయి. ఇన్ని వేలు పెట్టి కొంటాం, ఫిట్టింగ్ ఫ్రీ అంటే సంబరపడతాం, ఆ ఫ్రీ ఎవడి ఒంటి మీంచి వస్తుందో చూడం. దయచేసి మీ ఇంట్లో తాడో నిచ్చెనో సరిగా ఏర్పాటు చేయండి.

మర్నాడు ఫిర్యాదు చేస్తే పంపుతో వచ్చారు. కొత్త రాగి పైపు వేయించాం, ఔట్‌డోర్‌ను సందులోంచి తీసి ఉత్తరం వైపు మెట్లగది గోడకు, ముందు ఖాళీ ఉన్న చోట బిగించాం. పైపు కొంత పెరిగింది, డబ్బులు కూడా. రెండో రోజు నుంచి అత్తమ్మ మధ్యాహ్నం పూట కూడా నిద్రపోయింది, అదీ 26లో పెట్టి, పైన ఫ్యాను వేసి, ఒకటిన్నర టన్నుతోనే.

ఇప్పుడు స్టార్ల సంగతి. స్టార్లు లెక్కపెట్టకండి, లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అని ఒక అంకె ఉంటుంది, తిన్న కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది అదే, ఎక్కువుంటే మంచిది, అది చూడండి. స్టార్ల లెక్కను బీఈఈ (స్టార్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు అప్పుడప్పుడు బిగిస్తుంటారు, 2022 జూలైలో బిగించినప్పుడు అప్పటి 5 స్టార్ ఒక మెట్టు దిగి 4 స్టార్ అయింది. షాపులో పాత స్టాకు ఉంటే స్టార్లు మోసం చేస్తాయి, అంకె చేయదు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసేది 1,600 గంటల వాడకానికి, అదీ బయట 24 నుంచి 43 డిగ్రీల మధ్య లెక్కకు. ఒకటిన్నర టన్నులో 3 స్టార్‌కీ 5 స్టార్‌కీ ఆ లెక్కన రెండువందల పైచిలుకు యూనిట్ల తేడా వస్తుంది. మీరు ఎండాకాలం రాత్రిళ్లు మాత్రమే వాడితే అందులో సగమే, ధరలో తేడా రాబట్టుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

కానీ మన దగ్గర ఇంకో లెక్క ఉంది. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చే ఇల్లయితే, 3 స్టార్ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే నెలకు సుమారు 150 యూనిట్లు తింటుంది, 5 స్టార్ 115 దగ్గర ఆగుతుంది. మిగతా ఇంటి వాడకం 80 యూనిట్లనుకోండి, మొదటిది 230, రెండోది 195. 230 అయితే మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, మిగతా 30కి 7.70 చొప్పున మొత్తం మీరే కట్టాలి, ఫిక్స్‌డ్ చార్జీలు కాకుండానే 1,250 రూపాయలు. ఆ 35 యూనిట్ల కోసమే 5 స్టార్ తీసుకోవచ్చు. ముదురు ఎండల్లో రెండూ ఇంకా ఎక్కువే తింటాయి కాబట్టి మీటర్ చూసుకుంటూ వాడాలి. జీరో బిల్లు రాని ఇల్లు, రాత్రి వాడకం మాత్రమే అయితే 3 స్టార్ ఇన్వర్టర్ చాలు. ఇంట్లో పెద్దవాళ్లుండి పగలూ రాత్రీ నడిస్తే ఇంకేం ఆలోచించకుండా 5 స్టార్. వైఫై, ఫోన్‌లో ఆన్ చేయడం, మాట వినే ఏసీ లాంటి వాటికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

మీది పై అంతస్తు అన్నారు కదా, అందుకే స్లాబు గురించి చెప్పకుండా ఉండలేను. పాలమూరు పల్లెల్లో మట్టి మిద్దెల్లో మే నెలలో కూడా మనుషులు మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు. మనం నాలుగైదు అంగుళాల కాంక్రీటు పోసి, దాని మీద ఏమీ వేయకుండా ఎండకు వదిలేసి, ఆ వేడినంతా రాత్రి కరెంటుతో తోడిపోసుకుంటున్నాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, చాలామందికి అదొకటి ఉందనే తెలియదు. మార్చిలోపు స్లాబు కడిగి, పగుళ్లు పూడ్చి తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి, డబ్బులు లేకపోతే సున్నమైనా రెండు చేతులు కొట్టించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ మిగిలిన డబ్బు ఈ పెయింటుకూ కొత్త పైపుకూ పెట్టండి.

కూలర్ తీసుకోమని సలహా ఇచ్చినవాళ్లకు కూడా ఒక మాట. ఏప్రిల్, మేలో మన గాలి పొడిగా ఉంటుంది, కూలర్ బాగానే పనిచేస్తుంది, కాదనను. కానీ బోరు నీళ్లకు గడ్డి నిండా తెల్లటి ఉప్పు పేరుకుపోయి నెలకే గాలి రాకుండా అవుతుంది. జూన్‌లో తొలకరి పడ్డాక ఉక్కపోతకు అది పనికిరాదు.

ఏసీకి విడిగా 4 చదరపు మి.మీ. వైరు, సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు తెంచే స్విచ్చు) వేయించండి. ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటుంది, ఎండాకాలంలో నీళ్లు పోయండి. ఇన్వర్టర్ ఏసీకి స్టెబిలైజర్ అక్కర్లేదని డబ్బా మీద రాసినా, మీ ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివర ఉంటే పెట్టుకోండి, పీసీబీ (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) కాలితే స్టెబిలైజర్ ధర కంటే ఎక్కువే అవుతుంది.

పాతది విప్పేటప్పుడు పైపు కోసి గ్యాస్ గాల్లోకి వదలనివ్వకండి, ఆర్22 ఓజోన్ పొరను దెబ్బతీసే గ్యాస్. కంప్రెసర్ తిరుగుతుంటే పంప్‌డౌన్ చేయించి గ్యాస్‌ను ఔట్‌డోర్‌లోకి లాగించండి, తిరగకపోతే రికవరీ మిషన్ ఉన్న మెకానిక్‌ను పిలవండి. ఎక్స్‌ఛేంజ్‌లో ఎంతిస్తారో ఒప్పుకునే ముందు రాగి ధర ఒకసారి కనుక్కోండి, ఆ కాయిల్‌లో, పైపులో ఉన్న రాగి మీదే.

గది కొలతలు, పడమటి గోడ ఎండకు ఉందా లేదా, ఔట్‌డోర్ పెట్టే చోటు ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి ఎంత టన్ను సరిపోతుందో చెప్తా.