దుమ్ము రేణువు మీద ఆమ్ల వాయువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: దుమ్ము అంటే రాయిపొడే కదా. గాలిలోని ఆమ్ల వాయువులు దాన్నేం చేయగలవు?

జవాబు: అది ఏ రాయి పొడి అన్నదాన్ని బట్టి ఉంటుంది. క్వార్ట్జ్ అయితే దాదాపు ఏమీ జరగదు. బంకమట్టి ఖనిజాలు కొద్దిగా పట్టుకుంటాయి. గట్టిగా చర్య జరిపేది కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్. డోలమైట్‌దీ అదే దారి. పొగలోంచి వచ్చిన నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో ఆక్సీకరణం చెంది నైట్రిక్ ఆమ్లపు ఆవిరిగా మారతాయి. ఆ ఆవిరి కాల్సైట్ రేణువుకు తగిలితే కార్బన్ డయాక్సైడ్, నీరు వెలువడి కాల్షియం నైట్రేట్ మిగులుతుంది. 100 గ్రాముల కాల్సైట్ పూర్తిగా మారడానికి 126 గ్రాముల ఆమ్లం కావాలి. 164 గ్రాముల నైట్రేట్ వస్తుంది.

ఈ నైట్రేట్‌కు తేమను లాక్కునే గుణం విపరీతం. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో తేమ సుమారు 50 శాతం దాటితే దాని స్ఫటికం కరిగిపోతుంది. అంతకన్నా చాలా పొడి గాలిలో కూడా చర్య జరిగిన రేణువులు ద్రవంగానే ఉండడం ప్రయోగాల్లో కనిపించింది. తేమ ఉంచగలిగే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, కోణాలు తేలిన కాల్సైట్ ముక్క చర్య తరవాత గుండ్రటి బిందువుగా మారిపోయి ఉంటుంది. పైపొర ద్రవం కావడం వల్లే ఆమ్లం లోపలిదాకా వెళ్లి రేణువును పూర్తిగా మార్చగలుగుతుంది.

ప్రశ్న: కాల్సైట్ పొడి మీదుగా సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన పొడి గాలిని పంపుతున్నాం. మొదట్లో వాయువు బాగానే తగ్గుతోంది, కాసేపటికి చర్య ఆగిపోతోంది. లోపం ఎక్కడ?

జవాబు: పరికరంలో లోపం ఉండనక్కర్లేదు. రేణువు మీది కాస్త తేమలో ఈ వాయువు ముందు సల్ఫైట్ అవుతుంది. అది సల్ఫేట్ కావాలంటే ఓజోన్ లాంటి ఆక్సీకారిణి కావాలి. అప్పుడు ఏర్పడే జిప్సం, అంటే నీటితో కూడిన కాల్షియం సల్ఫేట్, లీటరు నీటిలో రెండు గ్రాములకు కాస్త అటూఇటూ మాత్రమే కరుగుతుంది. కాల్షియం నైట్రేట్ అయితే కిలోకు పైనే. పైగా జిప్సం తను పుట్టిన కాల్సైట్‌కు రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. ఆ పొర మూతలా బిగుసుకుని లోపలి కాల్సైట్‌ను వాయువుకు అందకుండా చేస్తుంది. పొడి గాలిలోనైతే ఆ పొర ఏర్పడకముందే, పైనున్న చర్యాస్థానాలు నిండిపోయి పని ఆగిపోతుంది.

తేమను 60–80 శాతానికి పెంచి, కొలిచిన మోతాదులో ఓజోన్ ఇచ్చి చూడండి. ఇంకొకటి, పొడిని మందంగా పరవొద్దు. వాయువు పొరల సందుల్లోకి దిగుతుంది కాబట్టి, పళ్లెం వైశాల్యంతో లెక్కకట్టిన గ్రహణ గుణకం (ఉపరితలాన్ని తాకిన వాయు అణువుల్లో చిక్కుకునే వంతు) అసలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. పొడి బరువు మార్చుకుంటూ కొలవండి. బరువుతో పాటు గ్రహణం సరళరేఖలో పెరిగే పరిధిలో ఉన్నప్పుడే పొడి మొత్తం వైశాల్యంతో భాగించాలి. ప్రచురితమైన అంకెలు ఒకదానికొకటి పొసగకపోవడానికి ఈ తేడాయే ఒక పెద్ద కారణం.

ప్రశ్న: అయితే దుమ్ము ఆమ్ల వర్షాన్ని ఆపుతుందనుకోవచ్చా?

జవాబు: ఆమ్లత తగ్గిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రమే కరిగిన వాన నీటి పీహెచ్ సుమారు 5.6, కాల్సైట్ దుమ్ము కలిస్తే 6, 7 కూడా దాటొచ్చు. కానీ నైట్రేట్, సల్ఫేట్ ఎక్కడికీ పోవు, నేలకే చేరతాయి. పీహెచ్ ఒక్కటే చూసి గాలి శుభ్రంగా ఉందనుకోవద్దు.

ప్రశ్న: పీఎం10 (10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు) పట్టిన ఫిల్టర్‌ను విశ్లేషిస్తే ఘనపు మీటరుకు మైక్రోగ్రాముల్లో కాల్షియం 6, అమ్మోనియం 0.9, సోడియం 0.46, నైట్రేట్ 6.2, సల్ఫేట్ 7.2, క్లోరైడ్ 0.71 వచ్చాయి. ధన, రుణ అయాన్లు సరితూగడం లేదు.

జవాబు: ముందు తుల్యాంకాల్లోకి, అంటే బరువు నుంచి విద్యుదావేశం లెక్కలోకి మార్చండి. కాల్షియాన్ని 20తో, అమ్మోనియాన్ని 18తో, సోడియాన్ని 23తో భాగిస్తే మొత్తం 0.37. నైట్రేట్‌ను 62తో, సల్ఫేట్‌ను 48తో, క్లోరైడ్‌ను 35.5తో భాగిస్తే 0.27. తేడా 0.10. అయాన్లను విడదీసి కొలిచే మీ యంత్రంలో కార్బొనేట్ ద్రావణమే ప్రవహిస్తుంటే నమూనాలోని కార్బొనేట్ కనబడదు కాబట్టి, ఈ తేడాలో ఎక్కువ భాగం అదే అయ్యుంటుంది. ఆక్సలేట్ లాంటి సేంద్రియ అయాన్లనూ కొలిస్తే నమ్మకం పెరుగుతుంది.

అంతమాత్రాన మిగతా కాల్షియం అంతా గాలిలోనే చర్య జరిపిందని రాయకండి. నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటల్లో 24 ఘనపు మీటర్ల గాలి ఆ ఫిల్టర్ గుండా పోతుంది. ముందే పట్టుబడిన కాల్సైట్ మీద ఆ గాలిలోని నైట్రిక్ ఆమ్లం చర్య జరుపుతూనే ఉంటుంది. దీన్ని నివారించాలంటే ఫిల్టర్‌కు ముందు సోడియం కార్బొనేట్ పూసిన డిన్యూడర్ (ఆమ్ల వాయువును గోడలకు పట్టుకుని రేణువులను పోనిచ్చే గొట్టం) పెట్టాలి. దాన్ని నిటారుగా బిగించాలి, అడ్డంగా పెడితే పెద్ద రేణువులు గోడల మీద పడిపోతాయి. ఫిల్టర్ వెనక నైలాన్ ఫిల్టర్ ఉంటే అమ్మోనియం నైట్రేట్ ఆవిరై వదిలిన ఆమ్లం దానికి చిక్కుతుంది. పీఎం2.5 మాత్రమే తీస్తే కాల్షియం నైట్రేట్‌లో చాలా భాగం జారిపోతుంది, అది ఎక్కువగా 2.5 మైక్రాన్ల పైన రేణువుల్లోనే ఉంటుంది.

నమూనాలను ప్లాస్టిక్ సీసాల్లోనే ఉంచండి. గాజు నుంచి సోడియం, కాల్షియం ఊరతాయి. సీసాలను నైట్రిక్ ఆమ్లంతో మాత్రం కడగొద్దు, దాని నైట్రేట్ నమూనాలో కలుస్తుంది. గాలి లాగని ఖాళీ ఫిల్టర్లనూ అదే పద్ధతిలో విశ్లేషించి, ఆ విలువ తీసేశాకే తుల్యాంకాల లెక్క మొదలుపెట్టండి.