చిట్టా పంపు, ఆవర్జా కాదు

నాన్నా,

డెమో వీడియో చూశాను. పాడేరు వైపు పొదుపు సంఘాలకి సర్వర్ లేకుండా నడిచే లెక్కల యాప్ అంటే నాకూ సంతోషమే. కానీ వీడియోలో రెండు ఫోన్లూ ఒకే బల్ల మీద, ఒకే వైఫైలో, ఫుల్ ఛార్జింగ్‌తో ఉన్నాయి. అక్కడ ఆ రెండు ఫోన్లూ ఎదురుపడేది వారానికోసారి, సంతలో, ఓ పది నిమిషాలు. నీ సింక్, అంటే రెండు ఫోన్ల లెక్కలూ ఒకదానికొకటి అందడం, ఆ కాసేపట్లో అయిపోవాలి, మధ్యలో తెగితే వచ్చే సంతలో తెగిన చోటి నుంచే అందుకోవాలి.

అసలు గొడవ నీ డేటాబేస్ టేబుల్లో ఉంది. ‘బాకీ’ అని ఒక కాలమ్ పెట్టి దాన్నే మారుస్తున్నావు. ఒకావిడకి 500 బాకీ అనుకో. ఆవిడ లీడర్ దగ్గర 100 కట్టింది, ఆ సంగతి తెలియక వాళ్ళాయన బుక్ కీపర్ దగ్గర ఇంకో 100 కట్టాడు. రెండు ఫోన్లూ 400 అని రాసుకున్నాయి. కలిసినప్పుడు రెండు చోట్లా ఒకే అంకె కాబట్టి యాప్‌కి అంతా బాగానే కనిపిస్తుంది, వంద మాత్రం గల్లంతు, ఎర్రర్ కూడా రాదు! మీ తాతయ్య కొట్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి గుర్తుందా? ఏరోజుకారోజు జరిగింది జరిగినట్టు చిట్టాలో రాసేవారు, రాత్రి కూర్చుని ఎవరి ఖాతాకి వాళ్ళది ఆవర్జాలోకి ఎత్తేవారు. నువ్వు పంపాల్సింది చిట్టా. ఆవర్జా ఏ ఫోన్‌ది ఆ ఫోనే కట్టుకుంటుంది. తప్పు పద్దు పడితే చెరపకు, దాన్ని రద్దు చేసే ఇంకో పద్దు వెయ్. పద్దుల ఐడీలు రాండమ్‌గా ఇవ్వు, వరస నంబర్లు వద్దు, ఇద్దరూ వేరే వేరే పద్దులకి 41 వేసుకుంటారు. ఒకే పద్దు మూడు ఫోన్ల మీదుగా మూడుసార్లు వచ్చినా ఒక్కసారే లెక్కపడాలి.

ఫోన్ గడియారాన్ని అస్సలు నమ్మకు. బ్యాటరీ అయిపోయి లేచిన పాత ఫోన్ 1970లో తేలడం నేను చూశాను. ‘చివర రాసిందే ఖాయం’ అన్నావంటే తేదీ ముందుకి జరిగిన ఫోన్‌దే ఎప్పుడూ పైచెయ్యి. ఏ పద్దు చూశాక ఏ పద్దు రాశారన్నది పట్టుకో, కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే ఈ దారి చూపించాడు.

తీరిక చేసుకుని, సర్వర్ లేకుండా నడిచే సోషల్ నెట్‌వర్క్ స్కటిల్‌బట్ గురించి చదువు. 2014లో డొమినిక్ టార్ మొదలుపెట్టాడు, న్యూజీలాండ్‌లో తెరచాప పడవ మీద ఉండేవాడు, నెట్ లేకపోవడం ఆయనకి రోజువారీ సంగతి. మనిషికో చిట్టా, ప్రతి పద్దు మీదా డిజిటల్ సంతకం, ఒకరి చిట్టాని ఇంకొకరి మెషీన్ మోసుకెళ్తుంది. ఐడియా బంగారం. కానీ సంతకాన్ని, నోడ్ జేఎస్ అనే జావాస్క్రిప్ట్ సాధనం డేటాని జేసన్ అక్షరాలుగా రాసే తీరుకి ముడిపెట్టారు, ఖాళీలతో సహా, దాంతో వేరే భాషలో రాయబోయినవాళ్ళకి చుక్కలు కనిపించాయి. ఒకే తాళం, అంటే సంతకం చేసే రహస్య కీ, రెండు ఫోన్లలో వాడితే చిట్టా రెండు పాయలై ఆ అకౌంటే చెడిపోయేది. అందుకే నువ్వు తాళం మనిషికివ్వకు, ఫోన్‌కివ్వు. ఫోన్ గెడ్డలో పడిపోతే కొత్త ఫోన్ కొంటారు, ‘ఇది ఫలానా ఆవిడదే’ అని సంఘంలో ఇద్దరు వాళ్ళ ఫోన్ల నుంచి ఒప్పుకుంటారు. ఓటీపీ పంపడానికి నీకు సర్వర్ లేదు కదా.

సింక్ వెనకాల దానంతటదే జరగాలని పట్టుబట్టకు, ఆండ్రాయిడ్ బ్యాటరీ పేరు చెప్పి నీ యాప్‌ని చంపేస్తుంది. ఈక్వడార్ అడవుల్లో వావొరానీ తెగవాళ్ళు తమ నేలని మ్యాప్ చేసుకున్న మాపియో అనే యాప్‌లో అందరూ ఒక వైఫై మీదికొచ్చి సింక్ మీట వాళ్ళే నొక్కేవాళ్ళు. నాకదే నచ్చింది, ఎవరితో పంచుకుంటున్నామో కళ్ళ ముందే కనిపిస్తుంది.

వెర్షన్ల దగ్గర నేనే బోల్తా పడ్డాను. పాత యాప్ పద్దులో తనకి తెలియని ఫీల్డ్‌ని, అంటే కొత్త వెర్షన్ చేర్చిన గడిని, పారేసి సేవ్ చేసింది, ఆ ఖాళీ సింకై అందరికీ పాకింది, రెండు రాత్రులు నిద్ర లేదు. తెలియనిది వస్తే ముట్టుకోకుండా ముందుకి పంపమను. పది ఫోన్లకి చేరింది వెనక్కి రాదు కాబట్టి ఆధార్ నంబర్ లాంటివి చిట్టాలోకి రానివ్వకు.

ఈ ఆదివారం ఇంటికి రా. పాత ఫోన్లు నాలుగున్నాయి, ఒకదాని స్క్రీన్ పగిలింది, ఇంకోదాని తేదీ ఎప్పుడూ తప్పే. వాటితో డెమో చేసి చూపించు.

బాబాయి