1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కి టర్బో మేలా, సూపర్‌ఛార్జరా, ఎలక్ట్రిక్ ఫ్యానా?

ఇవన్నీ ఇంజన్‌లోకి మామూలుకన్నా ఎక్కువ గాలిని నొక్కి పంపి శక్తి పెంచడానికే. టర్బో ఉన్నవీ, సూపర్‌ఛార్జర్ ఉన్నవీ, రెండు రకాల బండ్లూ నేను నడిపాను, వర్క్‌షాపులో రెండింటినీ విప్పి చూశాను. రోజూ వాడే బండికైతే నా ఓటు టర్బోకే.

సూపర్‌ఛార్జర్ క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) నుంచి బెల్టుతో తిరుగుతుంది. రెండు రోటర్లతో గాలిని నెట్టే రూట్స్ రకమైతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి దూకుతుంది, ఆ హాయి నిజంగా వేరు. కానీ దాన్ని తిప్పే శక్తి కూడా ఇంజనే ఇవ్వాలి కాబట్టి మైలేజీ తగ్గుతుంది. టర్బోని తిప్పేది సైలెన్సర్ గుండా ఎలాగూ బయటికి పోయే వేడి పొగ. వేగం పుంజుకోవడానికి దానికి కాస్త సమయం పడుతుంది, దాన్నే లాగ్ అంటారు. చిన్న టర్బో పెడితే లాగ్ తగ్గుతుంది, అయితే పై ఆర్‌పీఎంలో (ఇంజన్ నిమిషానికి ఎక్కువ చుట్లు తిరిగేటప్పుడు) ఊపిరి చాలదు. ఈ రెండు ఇబ్బందులూ తప్పించాలనే ఫోక్స్‌వ్యాగన్ 2005లో 1.4 టీఎస్‌ఐ ఇంజన్‌కి టర్బో, సూపర్‌ఛార్జర్ రెండూ కలిపి పెట్టింది. బాగా లాగేది కానీ, ఇంట్లో బిగించుకునే పని కాదది.

ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ల జోలికి మాత్రం పోకండి. ఇంజన్ పీల్చుకునే గాలికి అవి అడ్డుపడటం తప్ప ఒరిగేదేమీ లేదు. నిజంగా పనిచేసే దానికి ఎంత శక్తి కావాలో చూడండి: 2016 నాటి ఆడీ ఎస్‌క్యూ7 కారులో గాలిని నొక్కే ఎలక్ట్రిక్ కంప్రెసర్‌కి 48 వోల్టుల వ్యవస్థ, 7 కిలోవాట్ల మోటారు కావాల్సి వచ్చాయి.

ఏది పెట్టినా గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడిగాలితో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకమనడం) మొదలవుతుంది. అందుకే ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి డబ్బు మిగుల్చుకోండి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి పెరిగితే పెట్రోల్ కూడా పెరగాలి, అంటే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) మ్యాపింగ్ కూడా మార్చాలి.

టర్బో పాడవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఆయిలే. లక్షకు పైగా ఆర్‌పీఎంలో తిరిగే షాఫ్ట్‌ని మోసేది పలుచని ఆయిల్ పొర. బాగా తోలి వచ్చి వెంటనే ఆఫ్ చేస్తే, ఆ వేడికి ఆయిల్ లోపలే మాడిపోతుంది. అలాంటి ఒక టర్బో విప్పితే ఆయిల్ పైపులో నల్లటి పెచ్చు గట్టిగా పేరుకుపోయి, పుల్ల కూడా దూరలేదు. గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం రెక్కల అంచులు దాని గూటి గోడకి ఒరుసుకుని మెరుస్తున్నాయి. షాఫ్ట్ పక్కలకి కొద్దిగా కదలడం మామూలే, కానీ రెక్కలు గోడని తాకేంత కదిలితే దాని పని అయిపోయినట్టే. ఆగే ముందు ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ని ఐడిల్‌లో ఉంచండి, ఆయిల్ గడువుకి ముందే మార్చండి.

అన్నిటికన్నా ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగా ఉందో లేదో చూసే పరీక్ష) చేయించండి. మీ ఇంజన్ కంప్రెషన్ రేషియో (సిలిండర్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో చెప్పే సంఖ్య) కూడా రాయండి, బూస్ట్ (అదనంగా నొక్కే గాలి ఒత్తిడి) ఎంతవరకు పెట్టొచ్చో దాన్నిబట్టి చెబుతాను.