పాత కరపత్రం దొరికింది, డిక్రీ పోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మిర్చి తొడిమలు తీసే మిషన్లు తయారు చేస్తాం. మాపై పేటెంటు కేసు వేసి, ఆ మిషన్ చేయకూడదని, నష్టపరిహారం కట్టాలని కమర్షియల్ కోర్టులో డిక్రీ తెచ్చుకున్నారు. సుమారు నాలుగు నెలలైంది. టెన్షన్‌తో నిద్ర లేదు. మొన్న మా నాన్నగారి ట్రంకుపెట్టెలో 2011 నాటి మా కరపత్రం దొరికింది. అందులో ఉన్నది ఇదే మిషన్. వాళ్లు పేటెంటుకు దరఖాస్తు చేసింది 2014లో. మళ్లీ కేసు వేయవచ్చా? ఈలోగా బావమరిది పేరుతో అమ్ముకోవచ్చా?

జవాబు: దరఖాస్తుకు ముందే బజార్లో ఉన్న మిషన్‌పై పేటెంటు నిలవదు, అందుకే ఆ కరపత్రానికి విలువ. కానీ అది ఎక్కడ దొరికిందో మీరే రాశారు. మీ ఇంట్లోనే! కేసు నడిచినన్నాళ్లూ ఆ పెట్టె తెరవలేదు. ఇప్పుడు అవతలి వకీలు పట్టుకునేది ఆ మాటనే.

తీర్పు తప్పు కావచ్చు. అప్పీలు చేయకపోతే తప్పుడు తీర్పు కూడా మీ ఇద్దరి మధ్య ఖాయమైపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11 ప్రకారం, మొదటి కేసులో లేవనెత్తాల్సి ఉండీ వదిలేసిన అంశం కూడా తేలిపోయినట్టే లెక్క. పేటెంటు ఇచ్చినంత మాత్రాన అది చెల్లుతుందని అనుకోనక్కర్లేదని 1978లోనే ఇత్తడి గిన్నెలు చేసే లేతు యంత్రం పేటెంటు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ మాట కేసు నడుస్తుండగా వాడుకోవాలి. కాబట్టి కొత్త దావా నిలవదు. రివ్యూ, అంటే తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును అడగడం, దాని గడువు 30 రోజులు. అదీ తగినంత వెతికినా దొరకని సాక్ష్యానికే.

మిగిలింది హైకోర్టులో అప్పీలు. గడువు 60 రోజులు. "సుమారు నాలుగు నెలలు" అంటే కుదరదు, తీర్పు తేదీ కావాలి. సర్టిఫైడ్ కాపీకి గడువులోగా అప్లికేషన్ పెట్టి ఉంటే, కాపీ ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులు తీసేస్తారు. కమర్షియల్ కేసుల్లో కొద్దిపాటి ఆలస్యాన్నే, అదీ గట్టి కారణం ఉంటేనే మన్నించాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. నిద్ర పట్టలేదన్నది కారణం కాదు.

మీ రిటన్ స్టేట్‌మెంట్ (కేసుకు మీరు కోర్టులో రాసిచ్చిన జవాబు) తీసి చూడండి. "ఈ మిషన్ ముందే బజార్లో ఉంది" అని అందులో రాశారా? రాసి ఉంటే, అప్పీలుతోపాటు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 41 రూల్ 27 కింద అదనపు సాక్ష్యం పిటిషన్ వేయవచ్చు. రాయకపోతే అవకాశం బాగా తక్కువ. ఒక్క కరపత్రం చాలదు, దాని మీది తేదీ ఎవరైనా వేసుకోవచ్చు. ప్రెస్ బిల్లు, అప్పటి అమ్మకం బిల్లులు, 2014కు ముందు మిషన్ కొన్న రైతులు కావాలి.

బావమరిది ఆలోచన మానేయండి. రంగు మార్చి, పేరు మార్చి అమ్మినా అది మీ మిషనే. అదే కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 32 కింద ఆస్తి జప్తు చేయిస్తారు, సివిల్ జైలుకూ పంపించగలరు. అతనితో పేటెంటు రద్దు పిటిషన్ వేయించినా, వెనక మీరున్నారని తేలితే అదే సెక్షన్ 11 అడ్డొస్తుంది.

మీతో సంబంధం లేని వేరే తయారీదారు మాత్రం పేటెంట్ల చట్టం సెక్షన్ 64 కింద హైకోర్టులో రద్దు కోరవచ్చు, మీ తీర్పు అతన్ని కట్టేయదు. అక్కడ మీరు సాక్షిగా కరపత్రం పెట్టవచ్చు. పేటెంటు రద్దయితే ఆ ఉత్తర్వు చూపించి, మీపై ఉన్న ఇంజంక్షన్ (మిషన్ చేయకూడదన్న ఆదేశం) ఎత్తేయమని అడగవచ్చు. కట్టేసిన డబ్బు మాత్రం దానంతటదే తిరిగి రాదు.

ఈలోగా పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో వాళ్ల పేటెంటు నంబరు కొట్టి, ఏటా కట్టాల్సిన రెన్యువల్ ఫీజు కట్టారో లేదో చూడండి. కట్టక పేటెంటు పడిపోయి ఉన్నా, తొందరపడి మిషన్ బయటికి తీయకండి. 18 నెలల్లోపు దాన్ని పునరుద్ధరించమని అడిగే వీలు వాళ్లకుంది.