లైసెన్స్ మార్చాం, రాసేవాళ్లు పోయారు

ప్రశ్న: జీడి పిక్కల కొనుగోలు, గ్రేడింగ్ లెక్కలు చూసే ప్రోగ్రామ్ నలుగురం కలిసి రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అనే ఎంఐటీ లైసెన్స్‌తో ఉచితంగా ఇచ్చాం. దాన్ని ఒకరు మా పేరుతోనే అమ్ముకోవడంతో నిరుడు ‘వ్యాపారానికి వాడరాదు’ అని లైసెన్స్ మార్చాం. బయటి నుంచి కోడ్ రాసేవాళ్లు మానేశారు. కొందరు పాత కోడ్‌తో వేరు కుంపటి పెట్టారు. మళ్లీ ఎంఐటీకి వస్తే నమ్ముతారా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: జీడి పరిశ్రమ నడిపేది వ్యాపారం కోసమే కదా! మీ నిషేధం ముందు తగిలింది మీ వాడకందార్లకే.

ఎంఐటీకి తిరిగి రావడంతో సరిపోదు. ఎంఐటీ కింద ఉన్న కోడ్‌ని ఎవరైనా తర్వాతి వెర్షన్లలో మూసేయొచ్చు, మీరు కూడా. నిరుడు జరిగింది అదే. మార్చి ఎవరికి ఇచ్చినా అదే లైసెన్స్‌తో, సోర్స్ కోడ్‌తో సహా ఇవ్వాలనే జీపీఎల్ మూడో వెర్షన్‌కు వెళ్లి, హక్కులు రాయించుకునే ఒప్పందాలు పెట్టకుండా, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం కెర్నెల్‌లోలాగా ప్రతి కమిట్ (చేర్చే మార్పు) కింద ‘ఇది ఇచ్చే హక్కు నాకుంది’ అని సంతకంలా చెప్పే ‘సైన్డ్ ఆఫ్ బై’ వరుస మాత్రమే అడగండి. కాపీరైట్ ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది. బయటివాళ్ల కోడ్ పెరిగేకొద్దీ, అందరూ ఒప్పుకోకుండా లైసెన్స్ మార్చడం మీ తరం కాదు. అమ్ముకునేవాడు కూడా కొన్నవాళ్లకు సోర్స్ కోడ్ ఇవ్వాల్సిందే.

ఒక చిక్కుంది. వేరు కుంపటివాళ్ల ఎంఐటీ కోడ్‌ను మీరు జీపీఎల్‌లో కలుపుకోవచ్చు; మీ జీపీఎల్ కోడ్‌ను వాళ్లు ఎంఐటీ కింద ఇవ్వలేరు. చెప్పకుండా చేస్తే ఇది రెండో దెబ్బ. ప్రకటనకు ముందే వాళ్లతో మాట్లాడండి. 80 కిలోల బస్తాకు తేమ తరుగు లెక్క వాళ్లు సరిచేసి ఉంటే, వాళ్ల పేరు ఉంచే తెచ్చుకోండి.

అసలు పని నిరుటి మార్పు తర్వాత వచ్చిన కోడ్‌తో. అది ‘వ్యాపారానికి వాడరాదు’ లైసెన్స్ కింద ఇచ్చింది కాబట్టి, రాసినవాళ్ల అనుమతి రాతపూర్వకంగా కావాలి. ఎవరెవరు కోడ్ రాశారో చూపే ‘గిట్ షార్ట్‌లాగ్’తో పేర్లు తీయండి. ఒకే మనిషి రెండు ఈమెయిళ్లతో ఇద్దరుగా కనిపిస్తాడు, ఏ ఈమెయిళ్లు ఒకరివో చెప్పే మెయిల్‌మ్యాప్ ఫైలుతో కలపండి. ఒప్పుకోనివాళ్ల భాగాన్ని తీసేసి, దాన్ని చూడనివాళ్లతో మళ్లీ రాయించండి. నిరుడు ఫైళ్ల పైనుంచి పాత కాపీరైట్ పేర్లు చెరిపేసి ఉంటే ముందు అవి తిరిగి పెట్టండి. ఎంఐటీ అడిగే షరతే అది.

పోయినవాళ్లంతా వస్తారని లెక్కేసుకోకండి. వెతుకులాట సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో ఎంఐటీలాంటి అపాచీ లైసెన్స్ వదిలి, 2024లో జీపీఎల్ కుటుంబపు ఏజీపీఎల్ చేర్చింది. అయినా దాని పాత కోడ్‌తో పుట్టిన ఓపెన్‌సెర్చ్ వేరుగానే సాగింది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రెడిస్ 2024 మార్చిలో అలాంటి లైసెన్సే అయిన బీఎస్‌డీ వదిలి, 2025 మేలో ఏజీపీఎల్ చేర్చినా, దాని నుంచి చీలిన వాల్కీ ఆగలేదు.

ప్రకటనలో ఏ వెర్షన్ నుంచి ఏం మారింది, ఎందుకు మార్చారు, ఇప్పుడు ఎవరి అనుమతి ఇంకా రాలేదు అన్నది సూటిగా రాయండి. డబ్బు కోసమైతే డబ్బు కోసమనే అనండి. మార్చి–మే పిక్కల సీజన్‌లో మాత్రం విడుదల వద్దు, తూకాల దగ్గర దీన్ని చదివే తీరిక ఎవరికీ ఉండదు.

మీ పేరుతో అమ్మేవాడిని ఆపేది లైసెన్స్ కాదు, ట్రేడ్‌మార్క్. సాఫ్ట్‌వేర్ ట్రేడ్‌మార్క్ వర్గాల్లో 9వ క్లాసు కిందికి వస్తుంది. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే క్లాసుకు రూ.4,500.